గంజికి కలిసినవాళ్ళు

మా తాతయ్యకు చరిత్ర అంటే రెండు ముక్కల్లో తేలిపోయే వ్యవహారం. "ఒంగోలు ప్రాంతంలో ఇంతమంది క్రైస్తవులు ఎలా అయ్యారు తాతయ్యా?" అని అడిగితే, పొగాకు ముక్కను ఒక బుగ్గలోంచి రెండో బుగ్గలోకి మార్చుకుని, "ధాత కరువులో గంజికి కలిశారురా" అనేవాడు. అక్కడితో సరి. కలవడం అంటే మతంలో కలవడం. మా వైపు ఆ మాట అలాగే వాడతారు. "వాళ్ళు కలిశారు", "వీళ్ళింకా కలవలేదు" అంటే ఎందులో అని ఎవరూ అడగరు.

మా ఊరు బకింగాం కాలవకు కూతవేటు దూరం. నా చిన్నతనంలో సరుగుడు కట్టెల పడవలూ, ఉప్పు పడవలూ తెరచాపలెత్తుకుని మద్రాసు వైపు పోతుంటే గట్టు మీద వాటితో పందెం వేసుకుని పరుగెత్తేవాళ్ళం. ఆ కాలవ కూడా ధాత కరువులోనే తవ్వారని తాతయ్యే చెప్పాడు. ఈ రెండు సంగతులకూ సంబంధం ఉందని మాత్రం చెప్పలేదు. ఆయనకు తెలియదు కాబోలు.

మా హైస్కూల్లో లెక్కల మాష్టారు క్రైస్తవుడు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు "ఆదివారం మాష్టారు". ఆదివారం నాడు ఆయన గుడికి పోవడం తప్ప ఏ పనీ చెయ్యడు. ట్యూషను చెప్పడు, బజారుకు పోడు, ఉత్తరం కూడా రాయడు. పెరట్లో కాసిన దోసకాయను శనివారం సాయంత్రమే కోసి పెట్టుకుంటాడని పిల్లల్లో ప్రతీతి. నిజమో కాదో గాని, ఆ దోసకాయ మీద మేం నవ్వుకున్న నవ్వు అంతా ఇంతా కాదు.

1966లో నా ఎస్సెల్సీ పరీక్ష. సోమవారం లెక్కలు. ఆదివారం మధ్యాహ్నానికి నాకు ఒక సంగతి స్పష్టమైంది, నాకు లెక్కలు రావని. మా నాన్న నన్ను వెంటబెట్టుకుని మాష్టారింటికి తీసుకుపోయాడు. "మాష్టారూ, ఈ ఒక్కపూటా మావాడికి కాస్త దారి చూపించండి. మీ రుణం ఉంచుకోను" అన్నాడు. మాష్టారు అరుగు మీంచి లేచి నిలబడి, "ఇవాళ కాదు బాబూ, ఇవాళ ఆదివారం" అన్నారు. అంతే. మా నాన్న ముఖం మాడిపోయింది. ఇంటికొచ్చి చెబితే తాతయ్య అగ్గయిపోయాడు. "గంజికి కలిసినవాళ్ళకు ఇంత నిష్ఠ ఎక్కణ్ణుంచి వచ్చిందిరా!" అన్నాడు.

ఆ రాత్రి మా ఇంట్లో గోడగడియారం పన్నెండు కొట్టింది. ఇంకో పావుగంటకు వీధి తలుపు చప్పుడయింది. లాంతరు పట్టుకుని మాష్టారు. "ఆదివారం అయిపోయింది. ఏదీ, పుస్తకం తియ్యి" అన్నారు.

తెల్లారేదాకా చెప్పారు. తెల్లారగట్ల మా అమ్మ ఆయనకు కాఫీ ఇచ్చింది. ఆ కాఫీ సంగతి తరవాత చెబుతాను.

మధ్యలో, ఏ మూడింటికో, నాకు నిద్ర ముంచుకొస్తుంటే పోగొట్టుకుందామని కాబోలు, నోరు జారి అడిగేశాను. "మాష్టారూ, మీ వాళ్ళు కరువులో గంజికి కలిశారట గదా?" అని. అడిగాక గాని అడగకూడదని తట్టలేదు. ఆయన కోప్పడలేదు. "గంజి తాగిన మాట నిజమే బాబూ. మా తాత తాగాడు. తాగిన గంజికి మట్టి మోశాడు. బాప్తిస్మం మాత్రం గంజి ఆగిపోయాకే ఇచ్చారు. సరే, ఆ వర్గ సమీకరణం ఎందాకా వచ్చింది?" అన్నారు.

వర్గ సమీకరణం ఆ రాత్రే అర్థమయింది. రెండో ముక్క అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఉద్యోగంలో చేరి, పాత పుస్తకాల పిచ్చి పట్టుకున్నాక, ఆ కరువు గురించీ ఆ దొర గురించీ దొరికినదల్లా చదివాను. మా తాతయ్య చెప్పిన రెండు ముక్కల చరిత్ర తలకిందులుగా ఉందని అప్పుడు తెలిసింది.

దొర పేరు జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోల్లో క్లౌపేట అని ఉన్నదే, ఆ క్లౌ. 1836లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలో పుట్టాడు. పడుచుతనంలో మిన్నెసోటా అడవుల్లో గొలుసులు పట్టుకుని భూములు కొలిచే సర్వే పని చేశాడు. ఈ గొలుసు సంగతి గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. 1865లో మన దేశం వచ్చాడు. 1866 సెప్టెంబరులో భార్య హారియెట్‌తో ఒంగోలు చేరాడు. అప్పటికి నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషను నడుస్తున్నది గాని, నడుస్తున్నది అనడం మర్యాద కోసమే. పాతికేళ్ళకు పైగా పాటుపడ్డా కలిసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు కూడా.

క్లౌ దొర ఒంగోలు రాకముందే ఒక మనిషి ఆయన కోసం ఎదురుచూస్తున్నాడు. యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు నలభై మైళ్ళు పడమరగా ఉన్న తాళ్లకొండపాడు వాడు. మాదిగ. చర్మాల బేరం మీద ఉత్తరాదికి పోయి వస్తూ ఏలూరు వైపు మిషనరీల బోధ విన్నాడు. అంతకు ముందే గురువుల దగ్గర యోగం నేర్చుకున్నవాడు, తత్వాలు తెలిసినవాడు. మతం అంటే ఏమిటో తెలియక పోయినవాడు కాదన్నమాట. 1866లోనే పేరయ్యా, ఆయన భార్య నాగమ్మా బాప్తిస్మం పుచ్చుకున్నారు. మరుసటి జనవరిలో క్లౌ దొర తాళ్లకొండపాడు పోయి చింతతోపులో గుడారం వేస్తే, పేరయ్య మాట విని చుట్టుపక్కల పల్లెల జనం అంబలి సద్దులు కట్టుకుని వచ్చారు. అక్కడ 28 మంది కలిశారు. అప్పటికి కరువూ లేదు, గంజీ లేదు.

కలవాలంటే ఏం చెయ్యాలి? క్లౌ దొర పెద్ద వేదాంతం ఏమీ అడగలేదు. చదువు రానివాళ్ళను పట్టుకుని త్రిత్వం అంటే ఏమిటో విప్పి చెప్పమంటే ఏం లాభం? ఆయన పెట్టినవి మూడే నియమాలు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇంతే.

"ఓస్, ఇంతేనా!" అని నేనూ అనుకున్నాను మొదట చదివినప్పుడు. నేను కరణీకం చేసిన ఇంట్లో పుట్టినవాణ్ణి గనక అలా అనుకున్నాను. ఈ మూడింటినీ పెద్ద కులాలవాళ్ళ ఇంట్లో కూర్చుని చూడకండి. 1867 నాటి మాదిగపల్లెలో నిలబడి చూడండి.

ఊళ్ళో గొడ్డు చస్తే ఈడ్చుకుపోయే బాధ్యత మాదిగలది. మాంసం వాళ్ళ తిండి, చర్మం వాళ్ళ పని. ఆ చర్మంతోనే రైతులకు చెప్పులు కుట్టాలి, బావి నీళ్ళు తోడే కపిల బానలు కుట్టాలి. దానికి ప్రతిఫలంగా కళ్ళంలో మేర కొలుస్తారు. ఆ నాలుగు కుంచాల గింజలే సంవత్సరమంతా. ఇప్పుడు చచ్చిన గొడ్డు తినం అంటే, ఏడాదిలో వాళ్ళు మాంసం మొహం చూసే నాలుగు రోజులూ పోయాయి. అదొక్కటే కాదు. "ఇన్నాళ్ళూ తిన్నది ఇవాళ చేదయిందా? అంతవాళ్ళయ్యారా?" అని ఊరికి కంటగింపు. ఆదివారం పని చెయ్యం అంటే, కోతల రోజుల్లో కామందు వచ్చి పిలిస్తే రానని చెప్పాలి. వెట్టివాడు రానని చెప్పడం అంతకు ముందు ఆ ఊరు ఎరగదు. విగ్రహాలకు మొక్కం అంటే, జాతరలో డప్పు ఎవరు కొడతారు? అమ్మవారికి కోపం వస్తుంది, ఊరికి మశూచి వస్తుంది, ఎవరివల్ల వచ్చింది అంటే కలిసినవాళ్ళవల్ల.

అంచేత ఈ మూడు నియమాలూ మూడు వైపుల నించీ గ్రామ వ్యవస్థ మెడ మీదే పడ్డాయి. దొర ఇదంతా ముందే లెక్క వేసి పెట్టాడని నేననుకోను. కాని జరిగింది మాత్రం ఇదే. విశ్వాసం నోటి మాటగా ఉన్నంతకాలం ఊరికి అభ్యంతరం లేదు. యేసు అన్నా, ఎల్లమ్మ అన్నా కామందుకు ఒకటే. అది ఆదివారం నాడు పొలంలో మనిషి కనబడకపోవడంగా మారేసరికి తంటా వచ్చింది. కలిసినవాళ్ళను కొట్టారు, మేర ఎగ్గొట్టారు, నీళ్ళకు రానివ్వలేదు, దొంగకేసులు పెట్టారు. కొంతమంది తట్టుకోలేక వెనక్కు పోయారు. చాలామంది పోలేదు. కరువు వచ్చేనాటికి, అంటే పదేళ్ళలో, ఒంగోలు సంఘంలో మూడు వేల పైచిలుకు జనం ఉన్నారు. వీళ్ళకు గంజి ఎవరూ పొయ్యలేదు. ఉన్న గంజే పోయింది.

దొరకూ ఒక పరీక్ష తగిలింది. ఒంగోలు వచ్చిన తొలి రోజుల్లో అక్కడి బ్రాహ్మలూ, కోమట్లూ ఆయన్ని ఆదరించారు. పిల్లల్ని బడికి పంపారు. ఈలోగా మాదిగలు కలవడం మొదలయింది. "వాళ్ళను రానిస్తే మా పిల్లలు రారు" అని పెద్దలు నిష్కర్షగా చెప్పారు. పెద్ద కులాలవాళ్ళు చేరితే మిషనుకు గౌరవం, డబ్బు, పలుకుబడి. ఏం చెయ్యాలి? దొరా, దొరసానీ ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని ప్రార్థన చేసుకుని బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, లోకం నీచంగా చూసేవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడనే భాగం తగిలిందని ఆయనే చెప్పుకున్నాడు. కాకతాళీయం అనండి, దైవం అనండి, మీ ఇష్టం. నాకు ముఖ్యం ఆ తరవాతి సంగతి. బడిలో పెద్ద కులాల పిల్లల బల్లలు ఖాళీ అయ్యాయి. దొర మాదిగపల్లెల వైపే నడిచాడు. లాభం కనబడుతున్న వైపు పోకుండా, పుస్తకంలో రాసి ఉన్న వైపు పోయాడు.

ఇహ కరువు.

1876లో వానలు మొహం చాటేశాయి. మన లెక్క ప్రకారం అది ధాత సంవత్సరం. తరవాతది ఈశ్వర. మద్రాసు రాజధాని అంతటా లక్షల జనం మాడిపోయారు. అప్పుడు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. కలకత్తా నించి వైస్రాయి తరపున సర్ రిచర్డ్ టెంపుల్ అని ఒకాయన కరువు ఖర్చు తగ్గించడానికి వచ్చాడు. రోజంతా ఒళ్ళు విరుచుకుని పనిచేసిన మగవాడికి ఒక పౌను గింజలూ, ఒక అణా చాలునని తేల్చాడు. పౌను అంటే ఇప్పటి 450 గ్రాములు. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఇంకా తక్కువ. డాక్టర్ కార్నిష్ అనే వైద్యాధికారి, ఇది మనిషిని పనిచేయించే కూలి కాదు, చంపే కూలి అనే ధోరణిలో గట్టిగా ఎదిరించాడు. టెంపుల్ దొర కూడా ఆదివారం చర్చికి పోయే క్రైస్తవుడే మరి.

కరువు పనుల్లో పెద్దది కాలవ. ఉత్తరాన పెదగంజాం దగ్గర కృష్ణా కాలవల కొసను, దక్షిణాన మద్రాసు నించి వచ్చే పాత ఉప్పుకాలవతో కలపాలి. గవర్నరు పేరే దానికి పెట్టారు. ఒంగోలు వైపు పని మొదలవగానే క్లౌ దొర మిన్నెసోటా గొలుసు గుర్తు చేసుకున్నాడు. మూడున్నర మైళ్ళ కాలవ తవ్వకం తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఒక మత ప్రచారకుడు మట్టిపని కాంట్రాక్టరు కావడం ఏమిటని ఆశ్చర్యపోకండి. ఊరికే పంచిపెడితే పుచ్చుకునేవాడికి అలవాటవుతుంది, చాలినంత డబ్బూ ఉండదు. ఇంకొకరి కింద పనికి పంపితే, అందులోనూ మాదిగలైతే, కూలి చేతికి వచ్చేలోగా సగం దారిలో ఇగిరిపోతుంది. తనే కాంట్రాక్టరైతే గింజకు గింజ ఇవ్వవచ్చు.

గట్టు వెంబడి తాటాకు పాకలు వేశారు. బావులు తవ్వించారు. దొర దగ్గరి బోధకులే మేస్త్రీలయ్యారు. మగవాళ్ళు పార పట్టి తవ్వితే, ఆడవాళ్ళు తట్టల్లో మట్టి గట్టుకు మోశారు. వేలమంది. మనిషి బలహీనపడి కూలబడితే ఇంకొకడు వచ్చి ఆ పార అందుకున్నాడు. కలరా వచ్చింది. పోయినవాళ్ళు పోగా మిగిలినవాళ్ళు తవ్వారు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు మేస్త్రీలు తలపాగా విప్పి పక్కన పెట్టి బోధకులయ్యేవారు. ప్రయాసపడి భారం మోస్తున్నవాళ్ళకు విశ్రాంతి ఇస్తానని యేసు పిలిచే మాటే వాళ్ళు ఎక్కువగా చెప్పేవారట. తల మీద మట్టి తట్ట ఉన్నవాళ్ళకు ఆ మాటకు వ్యాఖ్యానం అవసరం లేదు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. రోజూ వందలమంది దొర దగ్గరికి వచ్చి, "మేమూ కలుస్తాం, బాప్తిస్మం ఇవ్వండి" అన్నారు. ఇంకో ప్రచారకుడైతే పండగ చేసుకునేవాడు. పాతికేళ్ళ పైన గుప్పెడు మంది కూడా కలవని మిషను అది. అమెరికాలో చందాలిచ్చేవాళ్ళు లెక్కలు అడుగుతున్నారు. క్లౌ దొర ఇవ్వను పొమ్మన్నాడు. 1877 మార్చి నించి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు, ఒక్కరంటే ఒక్కరికి బాప్తిస్మం లేదు. గింజ నా చేతిలో ఉన్నంతవరకూ నా దగ్గరికి ఎవరు ఎందుకు వస్తున్నారో నాకు తెలియదు, వాళ్ళకూ తెలియదు అన్నదే ఆయన లెక్క.

నేను ఈ చోట చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నాకు ఆ నిర్ణయం గొప్పగానూ కనబడింది, కఠినంగానూ కనబడింది. ఆ పదిహేను నెలల్లో బాప్తిస్మం అడిగి, అది దొరక్కుండానే చచ్చిపోయినవాళ్ళు ఎంతమందో! మనిషి మనస్సు నిర్మలంగా ఉందో లేదో తేలేదాకా ఆగమనడానికి కడుపు నిండినవాడికి ఏం హక్కుంది? దొర బంగళాలో పొయ్యి ఆరలేదు కదా. ఆయన దగ్గరి బోధకులు కూడా ఇచ్చెయ్యండి అని బతిమాలుతూనే ఉన్నారు. అయినా నన్ను అడిగితే, ఆయన చేసింది సరైనదే అంటాను. ఎందుకంటే ఆయన గింజలు ఆపలేదు. కలిసినవాడికీ కలవనివాడికీ ఒకే కొలత. బాప్తిస్మం ఒక్కటే ఆపాడు.

1878లో వానలు పడ్డాయి. ఆ సంవత్సరం పేరేమిటో తెలుసా? బహుధాన్య. అరవై పేర్ల చక్రానికి కూడా ఒక్కోసారి హాస్యం తెలుసనిపిస్తుంది. కరువు పనులు ముగిశాయి. సహాయ నిధి లెక్క తేలిపోయింది. ఒంగోలుకు పది మైళ్ళు ఉత్తరంగా, గుంటూరు బాట మీద, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి. జనం అక్కడికి వేలల్లో చేరారు. ఇక డబ్బు లేదు, మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్ళకు పొమ్మని దొర చెప్పాడు. వాళ్ళు చేతులు చాపి చూపించారట, అడుక్కోవడానికి కాదు, పారలు పట్టి కాయలు కాసిన అరచేతులు. మేం పనిచేసి బతికాం, ఇక మీదట కూడా పనిచేసుకునే బతుకుతాం, పంట రాకపోతే చస్తాం, చస్తే క్రైస్తవులుగా చావనివ్వండి అన్నారు. ఈసారి దొరకు కాదనడానికి కారణం మిగల్లేదు.

ఏ పల్లె నించి ఎవరు వచ్చారో, వాళ్ళు కరువుకు ముందూ తరవాతా ఎలా ఉన్నారో ఆ పల్లె బోధకుడు చెప్పాలి. పేర్లు రాసుకున్నారు. జూలై 2న గుండ్లకమ్మలో 614 మంది. 3న 2,222 మంది. 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఏడాది చివరికి 9,606. ఆ 2,222 మందికీ బాప్తిస్మం ఇచ్చింది మన తెలుగు బోధకులు ఆరుగురు. ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలో నిలబడ్డారు. అలిసిపోతే ఇంకో ఇద్దరు. దొర ఆ రోజున ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు. నేను లెక్కల మాష్టారి శిష్యుణ్ణి గనక వేసి చూశాను. మధ్యాహ్నం విరామం పోను ఎనిమిది తొమ్మిది గంటలు. మనిషికి అర నిమిషం కూడా పడదు.

ఈ అర నిమిషం లెక్క మీదే అప్పట్లో అమెరికాలోనూ ఇక్కడా ఎద్దేవా చేశారు. గుంపు మతమార్పిడి అన్నారు, బియ్యం క్రైస్తవులు అన్నారు. మా తాతయ్య మాట సముద్రాలు దాటి పోయిందో, అక్కణ్ణుంచే మా ఊరు వచ్చిందో తెలియదు గాని, రెండూ ఒకటే. నేను ఆ మాట పూర్తిగా అబద్ధమనను. కరువులో పక్కన నిలబడ్డవాడి మీద విశ్వాసం కుదరడం మనుషుల్లో సహజం. కరువే లేకపోతే అంతమంది ఒక్క ఏడాదిలో కలిసేవాళ్ళు కాదు. కాని ఆకలికి కలవడం వేరు, ఆకలిలో మనను మనిషిగా చూసినవాడెవడో తెలిసి కలవడం వేరు. అర నిమిషం నీళ్ళలో గడిచింది. దాని వెనక పదిహేను నెలలు మట్టిలో గడిచాయి. అది ఎవరూ లెక్కలో వెయ్యలేదు.

దొర 1910లో అమెరికాలో పోయాడు. హారియెట్ పోయాక ఆయన పెళ్ళాడిన ఎమ్మా రౌషెన్‌బుష్ చదువుకున్న మనిషి. మాదిగపల్లెల్లో తిరిగి పేరయ్య వంటివాళ్ళ కథలు విని "వైల్ సూయింగ్ సాండల్స్" అనే పుస్తకం 1899లో అచ్చువేసింది. చెప్పులు కుడుతూ అని ఆ పేరుకు అర్థం. అది లేకపోతే పేరయ్య మనకు పేరుగా కూడా మిగిలేవాడు కాదు.

ఆ తరవాతి కథ అంతా తేనెలా ఉందని చెప్పను. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో ఎక్కువమంది మాదిగలు, గుంటూరు వైపు లూథరన్లలో ఎక్కువమంది మాలలు అయ్యేసరికి, కులం గుడి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు ఆగిపోలేదు, లోపలికే వచ్చింది. పెద్ద కులాల నించి కలిసినవాళ్ళు పెళ్ళిళ్ళ దగ్గర ఈనాటికీ కులమే చూసుకుంటున్నారు. ఒకే పాత్రలోని ద్రాక్షరసం తాగి, పక్కవాడి ఇంట్లో మంచినీళ్ళు తాగనివాళ్ళను నేనెరుగుదును.

ఇంకో చిక్కు ప్రభుత్వం వేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం గుర్తింపు హిందువులకే. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులు ఇవాళ్టికీ బయటే. మన దగ్గర అలా కలిసినవాళ్ళు బి.సి.-సి, 1 శాతం వాటా. ఊరు మాత్రం కలిసినవాణ్ణీ, కలవనివాణ్ణీ ఒకేలా చూస్తుంది. అంచేత కాగితంలో ఒకటీ, ఆదివారం ఒకటీగా బతికేవాళ్ళు చాలామంది అయ్యారు. వాళ్ళను దొంగలంటూ తేలిగ్గా తీసిపారేసేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది. పిల్లవాడి చదువు అటూ, నోటితో ఒప్పుకున్న మాట ఇటూ తక్కెడలో పెట్టి తూచమంటే, పెద్ద పెద్దవాళ్ళకే ముల్లు నిలవదు. మా మాష్టారు తన కాగితాల్లో క్రైస్తవుడనే రాయించుకున్నారు. ఆయన కొడుక్కు ఇంజనీరింగు సీటు రాలేదు. ఆ సంగతి ఆయన ఎన్నడూ నాతో అనలేదు, చాలా ఏళ్ళకు ఇంకెవరో చెప్పారు.

కాఫీ సంగతి చెబుతానన్నాను.

మా తాతయ్య రోజూ పొద్దున పూజ ముగించి లోకమంతా సుఖంగా ఉండాలని గట్టిగా మూడుసార్లు అనేవాడు. ఆ సోమవారం తెల్లవారుజామునా అన్నాడు, వీధి అరుగు మీద కూర్చున్న మాష్టారికి వినబడేటట్టు. రాత్రంతా నాకు పాఠం చెప్పింది ఆ అరుగు మీదే. ఆయన్ని లోపలికి రమ్మని మేమెవరం అనలేదు, ఆయనా చూడలేదు. అమ్మ కాఫీని ఒక గాజు గ్లాసులో పోసి తెచ్చి అరుగు చివర పెట్టింది. మాకందరికీ ఇత్తడి గ్లాసులు. ఆ గాజు గ్లాసు చాకలికీ, మంగలికీ, ఇలాంటి వేళకూ. దాని చోటు వీధి చూరులో, తాటాకు సందున.

మాష్టారు కాఫీ తాగారు. లేచి తొట్టి దగ్గరికి పోయి గ్లాసు తనే కడిగి, బోర్లించి, అరుగు మీద తీసిన చోటే పెట్టారు. "భయపడకు, రెండో ప్రశ్న ముందు చెయ్యి" అని నాకు చెప్పి, లాంతరు ఆర్పుకుని వెళ్ళిపోయారు.

నాకు ఆ పరీక్షలో యాభై ఎనిమిది మార్కులొచ్చాయి. గ్లాసు చూరులో తిరిగి పెట్టింది మాత్రం నేనే. ఎవరూ చెప్పకుండానే పెట్టాను.